సి డ్రైవు ఎర్రగా మారింది: ఫార్మాట్ చేయకుండా ఖాళీ చేసే దారి ఉందా?

తెనాలి_శ్రీనివాస్
నాన్నగారు 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10. సి డ్రైవు మొత్తం 97.6 జీబీ కాగా ఇప్పుడు అందులో 1.9 జీబీ మాత్రమే మిగిలింది. డి, ఇ డ్రైవులు చెరో 183 జీబీ ఉన్నాయి, డిలో సగానికి పైగా ఖాళీయే. టెంప్ ఫోల్డరులో ఉన్నవన్నీ తీసేశాను, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను, అయినా వారం తిరిగేలోపు మళ్ళీ నిండిపోతోంది. స్థలం చాలక అప్‌డేట్లు మధ్యలోనే ఆగిపోతున్నాయి. మా వీధిలోని కంప్యూటర్ దుకాణంవారు ఫార్మాట్ తప్ప మార్గం లేదంటున్నారు. కానీ నాన్నగారి డీటీపీ పనులు, అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, ఇరవై ఏళ్ళ లెక్కలు, అక్క పెళ్ళి వీడియో అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏది తీసెయ్యవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలిసినవారు చెప్పగలరా?

సాలెగూడు
ముందు ఏదీ తీసెయ్యకండి. స్థలం ఎక్కడికి పోతోందో తెలియకుండా చేసే శుభ్రత వల్లనే అవసరమైన ఫైళ్ళు పోతాయి. విజ్‌ట్రీ అనే ఉచిత ప్రోగ్రాము దింపుకొని, దాని మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటరుగా తెరవండి. అది ఒక్కొక్క ఫోల్డరూ తిరగకుండా డిస్కులోని ఫైళ్ళ పట్టికను నేరుగా చదువుతుంది కనుక మీ పాత డిస్కు మీద కూడా కొన్ని క్షణాల్లోనే లెక్క చూపిస్తుంది. పెద్ద ఫోల్డర్ల పేర్లు, పరిమాణాలు ఇక్కడ రాయండి, ఆ తరువాత మాట్లాడుకుందాం.

వేమవరం_వెంకట్
97.6 అనగానే అర్థమైంది. అసెంబుల్ చేసేవారు విండోస్ వేసేటప్పుడు సి డ్రైవుకు 100000 ఎంబీ అని కొట్టి, మిగిలినదాన్ని రెండు సమాన భాగాలు చేసేవారు. ఆ లక్షను 1024తో భాగిస్తే వచ్చేది 97.6. విండోస్ 7 కాలంలో అది ధారాళంగా సరిపోయేది. మన ఊళ్ళలో పాత డెస్క్‌టాపులు చాలావాటికి ఇదే జబ్బు, వరండా ఇరుకైపోయి పెరడంతా ఖాళీగా పడి ఉన్నట్టు.

హరిత_హనుమకొండ
నాదీ ఇదే పరిస్థితి, అందుకే ఈ చర్చను అనుసరిస్తున్నాను. ఒక సందేహం: 500 జీబీ డిస్కు కొన్నాము, మూడు డ్రైవులూ కలిపితే 465 మాత్రమే వస్తోంది. మిగిలిన 35 జీబీ ఎవరు తీసుకున్నట్టు?

సాలెగూడు
ఎవరూ తీసుకోలేదు. తయారీదారులు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ మాత్రం 1024 చొప్పున మూడుసార్లు భాగించి చూపిస్తుంది. డిస్కు ఒకటే, కొలమానాలే రెండు. ఆ 35 కోసం ఏ సాఫ్ట్‌వేరూ వెతకకండి.

తెనాలి_శ్రీనివాస్
విజ్‌ట్రీ చూపించిన లెక్క ఇది. యూజర్స్ ఫోల్డరు 47 జీబీ, విండోస్ ఫోల్డరు 25, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ 9, రెండు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లూ కలిపి 7, పేజ్‌ఫైల్ 5, హైబర్‌ఫిల్ 1.6. యూజర్స్‌లోకి వెళ్ళి చూస్తే డెస్క్‌టాపే 22 జీబీ ఉంది, ఎందుకంటే పెళ్ళి వీడియో, ఫొటోలు దాని మీదనే ఉన్నాయి. డౌన్‌లోడ్స్ 9, యాప్‌డేటా 13. ఆ పదమూడులో 8 జీబీ మొబైల్‌సింక్ అనే ఫోల్డరులో ఉంది. అదేమిటో నాకు తెలియదు.

సాలెగూడు
మొబైల్‌సింక్ అంటే ఐట్యూన్స్ తీసిన ఐఫోన్ బ్యాకప్. ఇంట్లో ఎవరో ఎప్పుడో ఫోను ఆ కంప్యూటరుకు తగిలించి బ్యాకప్ చేశారు. ఆ ఫోను ఇప్పుడు వాడుకలో లేకపోతే, లేదా దానిలోని సమాచారం కొత్త ఫోనుకు చేరిపోయి ఉంటే, ఆ బ్యాకప్‌ను తీసెయ్యవచ్చు. అయితే ఫోల్డరును చేత్తో తుడిచెయ్యకుండా ఐట్యూన్స్ తెరిచి, ప్రిఫరెన్సెస్‌లో డివైసెస్ అనే చోట ఆ బ్యాకప్ తేదీ చూసుకొని అక్కడే తొలగించండి.

ఇక మీ లెక్కలో అసలు విషయం నలభై ఏడు జీబీల యూజర్స్ ఫోల్డరు. మీరు టెంప్‌లో ఎంత ఊడ్చినా వచ్చేది ఒకటి రెండు జీబీలే. బ్రౌజరూ అప్‌డేట్లూ దాన్ని వారంలో మళ్ళీ నింపేస్తాయి. మీ సొంత ఫైళ్ళు సిలో కూర్చున్నంతకాలం ఈ అవస్థ తప్పదు.

గోదారి_గట్టు
ఇంత శ్రమ ఎందుకు? డ్రైవుల హద్దులు మార్చే పార్టిషన్ సాఫ్ట్‌వేరు ఒకటి వేసి డి నుంచి ఒక 80 జీబీ కోసి సికి కలిపేస్తే పని పూర్తవుతుంది. మా ఇంట్లో అలాగే చేశాను, ఏ ఇబ్బందీ రాలేదు.

వేమవరం_వెంకట్
గోదారి_గట్టు గారు, మీకు సాఫీగా జరిగినందుకు సంతోషమే కానీ, శ్రీనివాస్ గారికి నేను ఆ సలహా ఇవ్వలేను. సి పక్కనే కుడివైపున ఖాళీ స్థలం ఉంటే తప్ప విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ సిని పెంచలేదు. అక్కడ డి కూర్చొని ఉంది, దాన్ని కుదించినా ఖాళీ దాని కుడిపక్కన వస్తుంది తప్ప ఎడమపక్కన రాదు. కనుక బయటి సాఫ్ట్‌వేరు డిలోని సమాచారాన్నంతా డిస్కు మీద ముందుకు జరపాలి. పదేళ్ళ డిస్కు మీద అది గంటల తరబడి సాగే పని. మధ్యలో కరెంటు పోతే డి మొత్తానికే ముప్పు. యూపీఎస్ లేని ఇంట్లో, వేరే కాపీ లేని ఫైళ్ళతో, ఆ పనికి పూనుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

గోదారి_గట్టు
కరెంటు సంగతి నిజమే, మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. యూపీఎస్ గానీ ఇన్వర్టరు గానీ లేనివారు చేయవద్దు.

అక్షరం_డీటీపీ
నేను విజయవాడలో డీటీపీ చేస్తాను కాబట్టి నాన్నగారి ఫైళ్ళ గురించి చెబుతాను. పేజ్‌మేకర్ ఫైళ్ళు చాలా చిన్నవి, వాటి వల్ల మీ డిస్కు నిండదు. స్థలం తినేది వాటిలో పెట్టిన టిఫ్ బొమ్మలు. చాలా సందర్భాల్లో పేజ్‌మేకర్ ఆ బొమ్మలను తనలో దాచుకోదు, అవి ఏ ఫోల్డరులో ఉన్నాయో గుర్తుపెట్టుకుంటుంది. కనుక పెద్ద ఫైళ్ళు కనిపించాయి కదా అని బొమ్మలను మాత్రమే వేరే చోటికి తరలిస్తే, ఒక శుభలేఖనో పుస్తకాన్నో తెరిచినప్పుడు బొమ్మ ఎక్కడుందని అడుగుతుంది, ముద్రణకు మసక బొమ్మ వెళ్ళే ప్రమాదమూ ఉంది. పనికి సంబంధించిన ఫోల్డరును ఉన్నది ఉన్నట్టుగా మొత్తం తరలించండి, తరువాత ముఖ్యమైన పనులు ఒకటి రెండు తెరిచి లింకులు సరిచూసుకోండి.

ఇంకొకటి, విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డరు జోలికి వెళ్ళవద్దు. ఒకేలాంటి పేర్లతో అను ఫాంట్లు వరుసగా కనిపిస్తే నకళ్ళని అనిపిస్తుంది. కానీ ఒక్కొక్కటి ఒక్కొక్క ఖతి. ఒకటి పోయినా పాత పనుల్లో తెలుగు అక్షరాల స్థానంలో ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. అన్నీ కలిపినా ఆ ఫాంట్ల బరువు చాలా తక్కువ.

తెనాలి_శ్రీనివాస్
ఇది తెలియకపోతే టిఫ్ ఫైళ్ళనే ముందు జరిపేవాణ్ణి. కృతజ్ఞతలు. మరి డెస్క్‌టాప్ మీద ఉన్నవాటిని డిలోకి కట్, పేస్ట్ చేస్తే సరిపోతుందా?

సాలెగూడు
ఒకసారికి సరిపోతుంది, కానీ నాన్నగారు అలవాటు ప్రకారం మళ్ళీ డెస్క్‌టాప్ మీదనే దాస్తారు, అది మళ్ళీ సిలోనే చేరుతుంది. అంతకంటే మంచి పద్ధతి ఆ ఫోల్డరు చిరునామానే మార్చడం. ముందుగా డి డ్రైవులో నాన్నగారి పేరుతో ఒక ఫోల్డరు, దాని లోపల డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ అని రెండు ఫోల్డర్లు తయారు చేయండి. తరువాత సిలో యూజర్స్ లోపల మీ పేరు ఉన్న ఫోల్డరు తెరిచి, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ అని నొక్కి డిలో తయారు చేసిన ఫోల్డరును చూపించండి. పాత ఫైళ్ళనూ తరలించాలా అని అడిగినప్పుడు అవునని చెప్పండి. ఆ తరువాత తెర మీద అంతా మునుపటిలాగే కనిపిస్తుంది, ఆయన అలవాటు మార్చుకోనక్కరలేదు, స్థలం మాత్రం డిది ఖర్చవుతుంది.

ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. లొకేషన్ గడిలో లోపలి ఫోల్డరు కాకుండా ఉత్త డి డ్రైవునే చూపించారంటే, విండోస్ డి మొత్తాన్నీ డెస్క్‌టాప్ అనుకుంటుంది. డిలో ఉన్నవన్నీ తెర మీదకు వచ్చి పడతాయి, దాన్ని వెనక్కి తిప్పడం చాలా చిక్కు. అప్లై నొక్కే ముందు ఆ గడిలోని చివరి పదం చదవండి.

ఆస్టిన్_ఆంధ్రుడు
వన్‌డ్రైవ్ డెస్క్‌టాప్‌ను బ్యాకప్ చేస్తూ ఉంటే ముందు దాన్ని ఆపాలి, లేకపోతే సాలెగూడు గారు చెప్పిన మార్పు కుదరదు. గుంటూరులో ఉన్న అమ్మానాన్నల కంప్యూటరును నేను ఇక్కడి నుంచే చూసుకుంటాను. అక్కడ కనిపించిన మరో సంగతి, ఒకే ఫొటో మూడు చోట్ల ఉండటం: కెమెరా నుంచి దింపినది ఒకటి, వాట్సాప్‌లో వచ్చినది ఒకటి, ఎవరో పెన్ డ్రైవులో తెచ్చి ఇచ్చినది ఒకటి. నకళ్ళు తీసేటప్పుడు ఏది ఉంచాలన్నది జాగ్రత్తగా చూడాలి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను బాగా కుదించి పంపుతుంది కనుక, పరిమాణం ఎక్కువ ఉన్న అసలు ఫొటోను ఉంచి వాట్సాప్ ప్రతిని తీసెయ్యాలే తప్ప, బరువు తగ్గుతుందని అసలుదాన్ని తీసెయ్యకూడదు. రేపు అచ్చు వేయించి గోడకు పెట్టుకోవాలంటే ఆ తేడా తెలుస్తుంది.

హరిత_హనుమకొండ
మా అమ్మ సంక్రాంతి ముగ్గుల ఫొటోలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఒక్కటి పోయినా పండుగకు ఇంట్లో అడుగు పెట్టనివ్వదు, కనుక నకళ్ళ వేట నేను దగ్గరుండి చేస్తాను.

నల్లమల
హైబర్‌ఫిల్‌ను, అంటే కంప్యూటరును హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచే ఫైలును, ఎవరూ ప్రస్తావించలేదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఆ 1.6 జీబీ వెంటనే వచ్చేస్తుంది. పేజ్‌ఫైల్ కూడా తీసేస్తే ఇంకో 5.

వేమవరం_వెంకట్
రెండింటినీ ఒప్పుకోలేను. హైబర్‌ఫిల్ పూర్తిగా పోతే దానితో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి అది పెద్ద విషయం కాదు, తిరిగే డిస్కు ఉన్నవారికి మాత్రం కంప్యూటరు లేచే సమయం స్పష్టంగా పెరుగుతుంది. అదే ఆదేశంలో ఆఫ్ బదులు /టైప్ రెడ్యూస్డ్ అని ఇస్తే ఫైలు పరిమాణం సగానికి తగ్గుతుంది, ఫాస్ట్ స్టార్టప్ నిలుస్తుంది. పేజ్‌ఫైల్ సంగతి ఇంకా తీవ్రం. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరులో బ్రౌజరు నాలుగు ట్యాబులు తెరిస్తేనే ర్యామ్ నిండుతుంది, అప్పుడు ఆదుకునేది ఆ ఫైలే. తీసేస్తే ప్రోగ్రాములు చెప్పకుండా మూసుకుపోతాయి, సేవ్ చేయని పని పోతుంది.

నల్లమల
పేజ్‌ఫైల్ విషయంలో మీరే సరి. నా కంప్యూటరులో 16 జీబీ ర్యామ్ ఉంది, ఆ తేడా నేను ఆలోచించలేదు. డి డ్రైవుకు మారిస్తే?

వేమవరం_వెంకట్
మార్చవచ్చు, స్థలం మిగులుతుంది. అయితే సి, డి రెండూ ఒకే డిస్కులో ఉన్నాయి కనుక వేగం పెరగదు. మిగతా పనులతో సరిపడా ఖాళీ వస్తే దాన్ని కదపనక్కరలేదు.

సాలెగూడు
సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్‌లోని 9 జీబీ చాలావరకు రీస్టోర్ పాయింట్లదే, అంటే విండోస్‌ను పాత స్థితికి తేవడానికి దాచిన నకళ్ళదే. సిస్టమ్ ప్రొటెక్షన్ తెరిచి, సి ఎంచుకొని, కాన్ఫిగర్‌లో గరిష్ఠ వినియోగం జారుడుపట్టీని మూడు శాతానికి తగ్గించండి. పాత పాయింట్లు వాటంతట అవే పోయి సుమారు 6 జీబీ ఖాళీ అవుతుంది. పూర్తిగా ఆపవద్దు, ఒక డ్రైవరు పాడైనప్పుడు ఇంటిల్లిపాదికీ అదే ఆధారం.

హరిత_హనుమకొండ
విండోస్ ఫోల్డరులో విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒకటే 9 జీబీ చూపిస్తోంది. తీసెయ్యవచ్చా?

సాలెగూడు
చేత్తో ఎప్పుడూ తీసెయ్యకండి, విండోస్ లేవకపోవచ్చు. అందులో కనిపించే ఫైళ్ళలో చాలావాటికి విండోస్ ఫోల్డరులో ఇంకో పేరు కూడా ఉంటుంది, రెండు పేర్లున్నా డిస్కు మీద స్థలం ఒక్కసారే ఖర్చవుతుంది, కాబట్టి ఎక్స్‌ప్లోరరు చూపే అంకె అసలు కంటే ఎక్కువ. డిస్క్ క్లీనప్ తెరిచి, క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ అన్న బొత్తాం నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్ దగ్గర టిక్కు పెడితే తీసెయ్యదగినది అదే తీసేస్తుంది. అక్కడే ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ కనిపిస్తే అదీ తీసెయ్యవచ్చు, వెనక్కి పాత వెర్షనుకు వెళ్ళే ఆలోచన లేనప్పుడు మాత్రమే.

ఆస్టిన్_ఆంధ్రుడు
ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అన్న పేరు ఉందేమో చూసుకోండి. విండోస్ 10లో 1809 వెర్షనుతో దాన్ని అక్కడ చేర్చారు, తరువాత తీసేశారు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత కంప్యూటరులో అది ఇంకా ఉండవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, హాల్‌టికెట్లు అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉంచుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అన్నిటికీ టిక్కు పెట్టి ఓకే నొక్కేస్తే అవన్నీ పోతాయి.

కొత్తపేట_కిరణ్
అసలు విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోనే మద్దతు ముగిసింది. నాలుగో తరం ఐ3కి విండోస్ 11 అధికారికంగా రాదు. ఇంత కష్టపడి ఖాళీ చేసే బదులు విండోస్ స్థానంలో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే స్థలమూ కలిసివస్తుంది, భద్రతా ఉంటుంది.

అక్షరం_డీటీపీ
కిరణ్ గారి మాట బ్రౌజింగు, సినిమాలకే వాడే కంప్యూటరుకు నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది. పేజ్‌మేకరూ అనూ విండోస్ కోసం చేసినవి, వాటితో బతుకుతెరువు నడిపే పెద్దాయనను ఈ వయసులో వేరే దారి పట్టించడం సరికాదు. విండోస్ 10 చివరి వెర్షను 22హెచ్2లో ఉన్న ఇళ్ళ కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే వీలుంది. వాటికైనా సిలో ఖాళీ కావాలి.

తెనాలి_శ్రీనివాస్
పెళ్ళి వీడియో మూడు డీవీడీల నుంచి దింపినది, సుమారు 13 జీబీ. ఎవరో హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాముతో చిన్నది చేయవచ్చన్నారు.

ఆస్టిన్_ఆంధ్రుడు
చేయవచ్చు. డీవీడీల్లో వాడే ఎంపెగ్-2 పాత పద్ధతి, హెచ్.264కి మారిస్తే చూడటానికి తేడా తెలియకుండానే పరిమాణం బాగా తగ్గుతుంది. కానీ మీ ఐ3 మీద రాత్రంతా పట్టవచ్చు. పైగా డిలో చోటు ఉండగా ఆ అవసరమే లేదు. చిన్న ప్రతి చేసుకున్నా ఫోనులో చూడటానికి వాడుకోండి, అసలు ఫైళ్ళను మాత్రం ఉంచండి. డీవీడీలు ఏళ్ళు గడిచేకొద్దీ చదవడం మానేస్తాయి.

వేమవరం_వెంకట్
ఏ ఫైలైనా రెండు వేర్వేరు డిస్కుల మీద లేకపోతే దాన్ని భద్రమని అనుకోవద్దు. సి నుంచి డికి జరపడం స్థలం కోసమే తప్ప భద్రత కోసం కాదు, ఎందుకంటే డిస్కు పోతే రెండూ ఒకేసారి పోతాయి. బయటి హార్డ్‌డిస్కు ఒకటి కొని, పెళ్ళి వీడియో, లెక్కలు, డీటీపీ ఫోల్డర్లు దానిలోకి కట్ కాకుండా కాపీ చేసి, కొన్ని ఫైళ్ళు దాని నుంచే తెరిచి చూసి, ఆ తరువాతే మిగతా పనులు మొదలుపెట్టండి. పాత పెన్ డ్రైవు వాడితే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో చూడండి, అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు.

హరిత_హనుమకొండ
నేను ఇవాళ కాపీ మొదలుపెట్టాను. కొన్ని ఫొటోల దగ్గర కాపీ నిమిషాల తరబడి ఆగిపోతోంది, డిస్కు నుంచి టక్‌టక్‌మని చప్పుడు వస్తోంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో పసుపు రంగులో కాషన్ అని, సీ5 వరుసలో 18 అని చూపిస్తోంది.

సాలెగూడు
హరిత గారు, మీరు ఖాళీ చేసే ప్రయత్నాలన్నీ ఇప్పుడే ఆపండి. క్లీనప్, డీఫ్రాగ్, పార్టిషన్ పనులు, నకళ్ళ వెతుకులాట, ఏదీ వద్దు. సీ5 అంటే డిస్కు చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల, అంటే డిస్కులోని చిన్న చిన్న గళ్ళ, సంఖ్య. ఆ ప్రోగ్రాము అంకెలను మామూలుగా పదహార్ల లెక్కలో (హెక్సాడెసిమల్) చూపిస్తుంది కాబట్టి అక్కడి 18 అంటే మన లెక్కలో 24. ఆ డిస్కుకు ఇప్పుడు ఒకే పని అప్పగించండి: మళ్ళీ తిరిగి రానివాటిని ముందుగా బయటికి కాపీ చేయడం. అమ్మగారి ఫొటోలు మొదట, సినిమాలు చివర. ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని స్కిప్ చేసి తరువాతి దానికి వెళ్ళండి, దానితోనే పోరాడుతూ కూర్చుంటే మిగతావి కూడా దక్కకపోవచ్చు.

వేమవరం_వెంకట్
శ్రీనివాస్ గారు, మీరూ ఇప్పుడే అదే ప్రోగ్రాముతో చూసి చెప్పండి. అది చూడకుండా డెస్క్‌టాప్ తరలించవద్దు.

తెనాలి_శ్రీనివాస్
నీలం రంగులో గుడ్ అని ఉంది, 05 (పాడై మార్చిన సెక్టార్ల సంఖ్య), సీ5 రెండు వరుసల్లోనూ సున్నాలే ఉన్నాయి.

తెనాలి_శ్రీనివాస్
ఇక్కడ చెప్పిన వరుసలోనే చేశాను. ముందు బయటి డిస్కులోకి కాపీలు, తరువాత డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ డికి మార్పు, ఐఫోన్ తమ్ముడిది, కొత్త ఫోనులో అన్నీ ఉన్నాయని అతను చెప్పాక బ్యాకప్ తొలగింపు, రీస్టోర్ మూడు శాతం, చివర డిస్క్ క్లీనప్. సిలో ఇప్పుడు 50 జీబీకి పైగా ఖాళీ ఉంది. హైబర్‌ఫిల్, పేజ్‌ఫైల్ ముట్టుకోలేదు. నాన్నగారు పేజ్‌మేకరులో పాత శుభలేఖ ఒకటి తెరిచి చూశారు, బొమ్మలు సరిగ్గానే వచ్చాయి. ఆగిపోయిన అప్‌డేటు ఈ రాత్రికి పెట్టి పడుకుంటాను.

హరిత_హనుమకొండ
ఫొటోల్లో చాలావరకు వచ్చేశాయి, పదో పన్నెండో తెరుచుకోవడం లేదు, వాటి వాట్సాప్ ప్రతులు అమ్మ ఫోనులో దొరికాయి. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ తెప్పిస్తున్నాను. పాత డిస్కును ఉన్నది ఉన్నట్టుగా దానిలోకి క్లోన్ చేయనా, కొత్తగా విండోస్ వేయనా?

సాలెగూడు
కొత్తగానే వేయండి. చదవలేని సెక్టార్లున్న డిస్కును క్లోన్ చేయబోతే మధ్యలో ఆగిపోవచ్చు, పాడైన సిస్టమ్ ఫైళ్ళే కొత్త దానిలోకి రావచ్చు. వేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ ఊడదీసి ఉంచండి, అప్పుడు విండోస్ బూట్ ఫైళ్ళు పొరపాటున దాని మీదకు వెళ్ళవు. 256లో మళ్ళీ సికి వంద, డికి మిగిలింది అని విడగొట్టవద్దు, మొత్తం ఒకే డ్రైవుగా ఉంచండి.

వేమవరం_వెంకట్
పాత డిస్కును వెంటనే పాత సామాన్లవాడికి వేయకండి. కొత్తదానిలో ఏదైనా కనిపించకపోతే వెతుక్కోవడానికి కొన్నాళ్ళు ఉంచి, ఆ తరువాత బ్యాంకు కాగితాలు, ఆధార్ ప్రతులు అందులో ఉంటాయి కనుక లోపలి పళ్ళేలకు రంధ్రాలు వేయించి మరీ ఇవ్వండి.